ఇనప మూత

కూర్చుంటాను. లేవను. బోర్లించిన ఈ బకెట్ మీద ఇలాగే ఒక కాలు చాపుకుని, మోకాలు పట్టుకుని కూర్చుంటాను. ముసలిదానికి కీళ్ళు పట్టేశాయి పాపం అని అందరూ అనుకోనీ. అనుకోవడంలో వీళ్ళకి వీళ్ళే సాటి. బకెట్ కింద జానెడున్నర మట్టి ఉంది, ఆ మట్టి కింద మా అమ్మమ్మ వాళ్ళ నాన్న పెట్టిన ఇనప మూత ఉంది, మూత కింద ఆయన ఇత్తడి బిళ్ళ ఉంది. ఉండాలి. మూత ఉన్నట్టు ఇప్పుడే విన్నాను. మెటల్ డిటెక్టర్ చక్రం ఇటు నుంచి అటు తిప్పితే చెవుల్లో గుర్రుమని ఒకటే మోత, గుండ్రంగా, ఇంత వెడల్పున, అంచు నుంచి అంచు దాకా. మేకు అలా మోగదు. గుర్రపు లాడం అలా మోగదు. మరుక్షణం బకెట్ బోర్లించి దాని మీద కూలబడ్డాను, ఎందుకంటే నాలుగడుగుల అవతల క్లిఫ్ ఉన్నాడు. ఈ డిటెక్టర్ల క్లబ్బుకి ప్రెసిడెంటు వాడే. నేను ఒకే చోట రెండుసార్లు చక్రం తిప్పితే చాలు, తల తిప్పి చూస్తాడు. వాడు పోవాలి. వరండాలో గంట మోగేలోపు వాడు ఇక్కణ్ణుంచి కదలాలి, నేను తవ్వాలి, మూత తీయాలి. గంట మోగాక ఎవరూ బొరిగె మట్టిలో పెట్టకూడదని రూలు. రూళ్ళన్నీ వాళ్ళవేగా.

పొద్దున్నే చెప్పింది ఆ రూళ్ళు ఫిలిప్పా ట్రెన్‌హోమ్, వరండా మెట్ల మీద నిలబడి, తెల్లటి టోపీ, మెడలో ముత్యాలు, చేతిలో టీ కప్పు. ఈ వింటర్‌బోర్న్ గొర్రెల ఎస్టేటంతా ఇప్పుడు ఆవిడదే. దొరికినవన్నీ ఈ బల్ల మీదికి రావాలి, నాణేలు, గుండీలు, బెల్టు బకిల్స్, ఏదైనా సరే. ముందు నేను చూసుకుని నాకు కావలసినవి తీసుకుంటాను, మిగిలింది మీ ఇష్టం. తవ్విన గుంట మళ్ళీ పూడ్చండి. ఇనప తుక్కు గేటు పక్కన కుప్పెయ్యండి. గేటు మాత్రం దయచేసి వెయ్యండి, గొర్రెలు రోడ్డున పడతాయి. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, నా మొహం, నవ్వకపోతే ఎలా, వాళ్ళ క్లబ్బు చొక్కా నా ఒంటి మీద ఉండగా. ఆ తర్వాత అంది అసలు మాట. "ఇంకొకటండోయ్. మా రాజుగారి బిళ్ళ. ఫొటోలో అందరూ చూశారు కదా. పాపం, తాగుడుకి ఎక్కడో అమ్ముకున్నాడని మా తాతగారు అనేవారు. కానీ ఇక్కడే ఎక్కడో పడిపోయి ఉండొచ్చని నా ఆశ. దొరికితే ఫొటో కింద పెట్టడానికి అద్దాల పెట్టె కూడా చేయించి ఉంచాను." మా రాజుగారట. అరికాలి మంట నెత్తికెక్కింది. చేతిలో కప్పు ఉంటే విసిరికొట్టేదాన్నేమో, నాకు కప్పు ఇవ్వలేదు గనక సరిపోయింది.

ఎండ. ఈగలు. ఈగల్ని తోలుకోవడానికి చెయ్యి ఆడిస్తే క్లిఫ్ తనని పిలిచాననుకుంటాడేమో అని వాటిని మొహం మీద వాలనిస్తున్నాను. పెరట్లో ముప్పై మంది దాకా ఉన్నారు, చెవులకి డొప్పలు తగిలించుకుని, నేలని చూస్తూ, ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడకుండా చక్రాలు ఊపుకుంటూ తిరుగుతున్నారు. ఎక్కువమంది అటు, పెద్దింటి ముందు, పాత గులాబీ తోట పక్కన. దొరలు అక్కడ టీ తాగేవాళ్ళు గనక నాణేలు అక్కడే రాలి ఉంటాయని వాళ్ళ లెక్క. ఇటు ఈ క్లిఫ్ తప్ప ఎవరూ రారు. ఇది బట్టలుతికే పాక ఉన్న చోటు. పాక ఎప్పుడో తగలబడిపోయింది, దాని మేకులన్నీ మట్టిలోనే ఉండిపోయాయి, చక్రం పెడితే చాలు గోల గోల. మిరియాల చెట్టు ఒక్కటి మిగిలింది, కొమ్మలు నేలకి వేలాడేసుకుని. చెట్టుకీ, కాగు పెట్టిన రాళ్ళకీ నడిమధ్యన, అనేది అమ్మమ్మ. నడిమధ్యన, పొద్దు వాలేటప్పుడు చెట్టు నీడ రాళ్ళని ముట్టుకునే తోవలో. రాళ్ళు ఇప్పటికీ ఉన్నాయి, మసిబారి. ఆ రాళ్ళ మీద కాగులో దుప్పట్లు ఉడకబెట్టి ఉడకబెట్టి అమ్మమ్మ మోచేతుల దాకా తోలు వేరే రంగు తిరిగింది. చిన్నప్పుడు నేను ఆ చేతుల్ని గిల్లేదాన్ని, నొప్పి తెలిసేది కాదు ఆవిడకి. ఇంకా గిల్లు, ఇంకా గిల్లు అని నవ్వేది. నాకు ఇప్పుడు ఆ నవ్వు తలుచుకుంటే ఒళ్ళు మండుతోంది.

బిళ్ళ. నెలవంక ఆకారంలో ఇంత ఇత్తడి రేకు, రెండు కొమ్ములకీ గొలుసు. బంట్రోతుకి తగిలించినట్టు మెడలో తగిలించేవాళ్ళు దొరలు. వాగు ఒడ్డున తరతరాలుగా ఉన్న మనుషుల్లో ఒకణ్ణి ఏరి, ఇదిగో నువ్వు రాజువి అని వాళ్ళే పట్టం కట్టి, వాళ్ళ పేరు ఒకటి పెట్టి, దాని మీద చెక్కించి ఇచ్చేవాళ్ళు. వింటర్‌బోర్న్ రాజు బెన్. కింద, ట్రెన్‌హోమ్ వారి బహుమానం. బెన్ అట, కుక్కపిల్లకి పెట్టినట్టు. అసలు పేరేమిటో నాకు తెలియదు. మా కూరీల్లో, అంటే ఈ నేల మొదటి మనుషుల్లో, పోయినవాళ్ళ పేరు నోటితో అనరు, అమ్మమ్మ చచ్చేదాకా తన నాన్న పేరు అనలేదు, 'ఆయన' అనేది, అంతే. ఆయన అలా అన్నాడు, ఆయనకి ఇది ఇష్టం. కాబట్టి ఈ లోకంలో ఆయనకి మిగిలిన ఒకే ఒక్క పేరు వీళ్ళు పెట్టింది, వీళ్ళ హాల్లో ఫొటో కింద అందమైన అక్షరాలతో రాసిపెట్టి ఉన్నది. ఆ ఫొటో అద్దం ప్రతి శుక్రవారం తుడిచింది ఎవరు? మా అమ్మ. సొంత తాత మొహాన్ని నూనె గుడ్డ పెట్టి తుడిచి మళ్ళీ మేకుకి తగిలించేది. నేను స్కూలు అయ్యాక వంటింటి గుమ్మంలో కూర్చునేదాన్ని, లోపలికి రాకూడదు. ఒకసారి తొంగి చూశాను. ఫిలిప్పా నా ఈడుదే, తెల్ల మేజోళ్ళు వేసుకుని సోఫా మీద ఎక్కి, "జాగ్రత్త, పడేస్తావు, అది మాది" అంది మా అమ్మతో. మా అమ్మ ఏమందో తెలుసా? "సరే మిస్సీ" అంది. పదేళ్ళ పిల్లని. మిస్సీ, పెద్దయ్యాక మిస్సస్. పెళ్ళయి భర్త పోయి జుట్టు నెరిసినా మిస్సస్. నేను కూడా పొద్దున గేటు దగ్గర ఆవిడ కనిపించగానే గుడ్ మార్నింగ్ మిస్సస్ అనేశాను, నోరు దానంతట అదే అనేసింది. దాని తర్వాత అరగంట సేపు పళ్ళు నూరుకున్నాను.

క్లిఫ్ గాడు ఏదో తవ్వుతున్నాడు. తవ్వుకో నాయనా, తవ్వుకో, పాతాళం దాకా తవ్వుకో. ఏమిటది? గుండీ. పైకెత్తి ఎండలో చూసి, ఉమ్మి రుద్ది, తోలుసంచిలో వేసుకున్నాడు. గుంట పూడ్చి బూటుతో తొక్కాడు. మంచివాడే అంటారు అందరూ. నాకు ఈ డిటెక్టర్ పట్టుకోవడం నేర్పింది వాడే, అబద్ధం ఎందుకాడాలి. రెండు చలికాలాలు వాడి వెంట పాడుబడ్డ గుడారాల దిబ్బల మీద తిరిగాను. వాడు చెప్పిన మొదటి పాఠం, ముందు ఇనుము నోరు నొక్కెయ్యి, నోల్. నోల్ అంటే నేను, నోలీన్‌ని వాడలా కుదించాడు. పాత ఇళ్ళ దగ్గర అడుగుకో మేకుంటుంది, దాని మాట వింటూ కూర్చుంటే తెల్లారిపోతుంది. ఇదిగో ఈ బొత్తాం ఇటు తిప్పు, ఇంక ఇనుము మాట్లాడదు. రాగి, ఇత్తడి, వెండి, బంగారం, అవి మాత్రమే మాట్లాడతాయి. ప్రతివాడూ అదే చేస్తాడు. ఈ పెరట్లో ఉన్న ముప్పై మందీ ఆ బొత్తాం ఇటే తిప్పి ఉంచారు. ఆ రోజు వాడు అది చెప్తుంటే నాకు నవ్వొచ్చి ఆపుకోలేక దగ్గుతున్నట్టు నటించాను. ఎందుకు నవ్వుతున్నానో వాడికెలా తెలుస్తుంది? మూత వేశాడు ఆయన. ఇంత మందాన ఇనప మూత. మిషన్లు వస్తాయనీ, వాటికి చెవులుంటాయనీ ఆయనేమైనా కలగన్నాడా, చేతికి ఏది దొరికితే అది వేశాడు. కానీ నేను ఇంటికొచ్చి ఆ బొత్తాం అటు తిప్పేశాను. అప్పట్నుంచీ నా మిషన్‌లో ఇనుమే ముందు మాట్లాడుతుంది.

రెజ్ ఉన్నాడే, మా పిన్ని కొడుకు, వాడైతే తిట్టిపోశాడు. "వాళ్ళ క్లబ్బులో చేరావా? అక్కా, నీకేమైనా మతి పోయిందా?"

"వాళ్ళ పెరట్లో అడుగుపెట్టాలంటే వాళ్ళ టోపీ పెట్టుకోక తప్పదురా."

"టోపీ మనకి కొత్తా! పుట్టినప్పట్నుంచీ పెడుతూనే ఉన్నారుగా. దర్జాగా వెళ్ళి అడుగు, మా ముత్తాతది ఇక్కడుంది, తవ్వుకుంటాం అని."

అడగలేదనుకున్నాడు వాడు. మూడేళ్ళ కిందట అడిగాను. ఇస్త్రీ గౌను వేసుకుని, కేకు చేసి పట్టుకుని వచ్చి అడిగాను. ఫిలిప్పా కేకు తీసుకుంది. చాలా బాగుంది ఆలోచన, మనందరి చరిత్ర కదా అంది. చూద్దాం అంది. చూసింది. బిళ్ళ ఇక్కడే ఉందని నా నోటి నుంచి విన్నాక ఆవిడకి ఆశ పుట్టింది, ఆశ పుట్టాక క్లిఫ్‌కి ఫోను చేసింది, క్లిఫ్ క్లబ్బునంతా వెంటేసుకుని వచ్చాడు. 'నా ఆశ' అట ఆవిడకి! ఎక్కడ అన్నది మాత్రం నేను చెప్పలేదు, ఆ పాటి బుద్ధి ఉంది నాకు. అందుకే వీళ్ళంతా గులాబీ తోట చుట్టూ తిరుగుతున్నారు.

సాసేజీలు కాలుతున్న వాసన వస్తోంది వరండా నుంచి, ఉల్లిపాయలు. అంటే టైము దగ్గర పడుతోంది. అదే వరండా, అదే గంట. ఆ గంట మోగితే అమ్మమ్మ పరిగెత్తేది, తర్వాత అమ్మ పరిగెత్తేది. పొద్దున పొయ్యి రాజెయ్యడానికి ఒకటి, భోజనానికి ఒకటి, కుక్క తప్పిపోతే ఒకటి. చచ్చిపోయే ముందు ఆస్పత్రిలో ట్రాలీ గణగణమంటే అమ్మ మంచం మీద లేచి కూర్చుని చెప్పులు వెతుక్కుంది. ఇవాళ అదే గంట కొట్టి అమ్మా నోలీన్ బొరిగె కింద పెట్టు అంటారు, నేను పెట్టాలి. లేవరా క్లిఫ్. లేచి పో. నీ దుంప తెగ.

ఆయన మూత వేసిన రోజు అమ్మమ్మకి ఎనిమిదో తొమ్మిదో ఏళ్ళు. వాగు ఒడ్డున గుడిసెల్లో ఉన్నవాళ్ళందర్నీ లారీ కూడా కాదు, ఉన్ని బేళ్ళు మోసే బండ్లలో ఎక్కించి పాదిరీల మిషన్‌కి తోలేయాలని ఉత్తరువు వచ్చింది. పోమంటే పోరు కదా, అందుకని రాజుగారిని పిలిచారు. నీ జనానికి నువ్వు చెప్పు, నీ మాట వింటారు అన్నాడు పెద్ద ట్రెన్‌హోమ్. ఆయన చెప్పనన్నాడు. చెప్పకపోయినా తోలేశారు. చెట్లు కొట్టేశారు. వాగు ఒడ్డున చెట్ల బెరడు ఒలిచి మా వాళ్ళు చెక్కిన గుర్తులుండేవి, పెద్దవాళ్ళని పాతిపెట్టిన చోట, ఒక్కో మనిషికి ఒక్కో గుర్తు. వాటిని కంచె గుంజలకి నరికేశారు. అమ్మమ్మని మాత్రం ఉతుకుడుపాకలో పనికని ఉంచేసుకున్నారు. ఆ సాయంత్రం ఆయన ఆ పాక దగ్గరికి వచ్చాడట. మెడలో బిళ్ళ లేదు, చేతిలో ఉంది. వంటవాళ్ళ మూడుకాళ్ళ ఇనప కుండ అక్కడ తోమడానికి పడి ఉంటే దాని మూత తీసుకున్నాడు. గొయ్యి తవ్వి బిళ్ళ పెట్టి పైన మూత బోర్లించి మట్టి కప్పేశాడు. మనవాళ్ళే తీయాలి, వాళ్ళు తీయకూడదు అన్నాడు. అంతే, బండి ఎక్కి పోయాడు. మళ్ళీ కనిపించలేదు. మర్నాడు పొద్దున మూత ఏదని మిస్సస్ అడిగింది. అమ్మమ్మ చెప్పలేదు. దొంగముండ అన్నారు, మాంసం వేలాడదీసే కొట్లో పెట్టి తలుపేశారు, చీకట్లో, నెత్తురు కారే గొర్రెల మధ్య, ఆ రాత్రంతా. చెప్పలేదు. తర్వాత ఎన్నేళ్ళు వాళ్ళ దగ్గర పనిచేసినా మూత దొంగ అనే పిలిచారట, తమాషాకి. తమాషాట!

అమ్మమ్మ ఈ కథ చెప్పేటప్పుడు ఎప్పుడూ పిండి కలుపుతూ ఉండేది. డాంపర్ రొట్టె, నిప్పుల్లో పెట్టి కాల్చేది. పిండి గుండ్రంగా తట్టి, చెంచా కాడతో దాని మీద గీతలు పెట్టేది, ఒకదాంట్లో ఒకటి వచ్చేలా పలకలు, చుట్టూ వంపు తిరిగిన మూడు గీతలు. ఎప్పుడూ అవే. ఎందుకే ఆ గీతలు అంటే, రొట్టె లోపలిదాకా కాలడానికి అనేది. మా అమ్మ కూడా పెట్టేది. నేనూ పెడతాను, ఇప్పటికీ, చెయ్యి దానంతట అది పెట్టేస్తుంది. రెజ్ కూతురికి నేర్పాను మొన్న.

వస్తున్నాడు. అయిపోయింది. వస్తున్నాడు ఇటే, చక్రం ఊపుకుంటూ.

"ఏం నోల్, పొద్దుట్నించీ గుడ్లు పొదుగుతున్నావా?"

"మోకాలు క్లిఫ్. లేవలేకపోతున్నా."

"నీ సంచి ఖాళీగా ఉందే. నిన్ను చూస్తే జాలేస్తోంది. ఈ మేకుల దిబ్బలో ఏం ఉంటుంది చెప్పు? రా, గులాబీల వైపు. గ్రేస్‌కి అక్కడ వెండి నాణెం దొరికింది, విక్టోరియా రాణి బొమ్మ, నాణెమంటే నాణెం! ముద్దు పెట్టుకోవచ్చు."

"మీరు పెట్టుకోండి ముద్దులు."

నవ్వాడు. పోలేదు. నా చుట్టూ చక్రం తిప్పుకుంటూ నిలబడ్డాడు, వాడికి నిలబడ్డా చెయ్యి ఊరుకోదు. బకెట్ అంచు దాకా వచ్చింది చక్రం. "కొంచెం జరుగు, చూస్తాను. నీ కింద ఏదైనా ఉందేమో, నీ అదృష్టం అలాంటిది," అన్నాడు. ఏం చెయ్యను? జరగనంటే తెలిసిపోతుంది. జరిగితే? జరిగాను. లేచి, మోకాలు పట్టుకుని, అమ్మా అయ్యా అంటూ, బకెట్ పక్కకి లాగాను. వీడు గనక ఇప్పుడు వంగి తవ్వాడో, బొరిగె నా చేతిలోనే ఉంది, ఏం చేస్తానో నాకే తెలియదు. చక్రం పెట్టాడు. సరిగ్గా దాని మీద. ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. వాడి డొప్పల్లోంచి నాకు కూడా వినిపించింది చిటపటమని తెగిన శబ్దం, ఆ తర్వాత ఏమీ లేదు.

"ఇనుము," అన్నాడు. "పెద్ద ముక్కే, నాగలి చెక్కో ఏదో. తవ్వి నడుం విరగ్గొట్టుకోకు."

"తవ్వితే ఏం పోతుంది, ఊరికే కూర్చునే బదులు."

"నీ ఇష్టం. మొండిదానివి నువ్వు." భుజం తట్టాడు. తట్టి పోయాడు. చేతిలో పెట్టినట్టు వదిలేసి పోయాడు, వెధవ, దాని నోరు వాడే నొక్కుకున్నాడు మరి. నవ్వొస్తుందో ఏడుపొస్తుందో అనుకున్నాను, కాదు, కోపమే.

తవ్వుతున్నాను. పైన గడ్డి పలక కోసి పక్కన పెట్టాను, వాళ్ళ రూలు ప్రకారమే. కింద బూడిద. కాగు కింద బూడిదంతా ఇక్కడే పోసేవాళ్ళు కాబోలు, మెత్తగా, బొరిగె ఇట్టే దిగుతోంది. అమ్మమ్మ చేతులు పోసిన బూడిద ఇది, ఏ పొద్దుటిదో. తర్వాత ఎర్ర మట్టి, గట్టిగా. మేకు, మేకు, విరిగిన పీటకాలు చీల. టంగుమంది. వేళ్ళు పెట్టాను. అంచు, గుండ్రంగా, తుప్పు పెచ్చులు. చుట్టూ గోళ్ళతో గీకాను, గోళ్ళు పోతే పోనీ. పైన పట్టుకునే చెవి ఇంకా ఉంది. దాంట్లో వేలు దూర్చి లాగాను, రాలేదు, రెండు చేతులూ వేసి లాగాను. పెద్దగా ఊపిరి వదిలినట్టు మట్టిలోంచి ఊడి వచ్చింది, వచ్చిన ఊపుకి వెనక్కి కూర్చుండిపోయాను. గోతిలో చూశాను. ఏమీ లేదు. నున్నటి మట్టి. ఒక్క క్షణం ప్రాణం పోయింది. అమ్ముకున్నాడేమో, నిజంగానే అమ్ముకున్నాడేమో అనిపించింది, వాళ్ళ మాట నా బుర్రలోకి దూరింది, ఛీ, నా బతుకు. అప్పుడు మూత తిరగేశాను. మూత గుంటలో మట్టి అట్ట కట్టి ఉంది, ఆ మట్టిలో ఆకుపచ్చగా, నెలవంక.

ఉమ్మి రుద్దాను. అక్షరాలు లేవు. బొటనవేలుతో మట్టి తుడిచాను, ఇంకా తుడిచాను, ఒక్క అక్షరం లేదు. గొడ్డలి. రేకంతా గొడ్డలి దెబ్బలు, అడ్డంగా, నిలువుగా, ఒకదాని మీద ఒకటి, బెన్ లేడు, రాజు లేడు, ట్రెన్‌హోమ్ లేడు, బహుమానం లేదు. ఓపిగ్గా కొట్టాడు. ఒక్క అక్షరం వదల్లేదు. అంత కోపం. ఇన్నేళ్ళుగా నాదొక్కదానిదే అనుకుంటూ మోస్తున్న ఈ కోపం ఎక్కడిదో ఇప్పుడు తెలిసింది. అమ్ముకున్నాడంటారా? తాగుడుకా? దీన్ని తీసుకెళ్ళి ఆ అద్దాల పెట్టెలో పెట్టనా, చూసుకోండి మీ బహుమానం అని బల్ల మీద ధనాలున పడేయనా? లేవబోయాను కూడా. బిళ్ళ అంచు పట్టి మట్టిలోంచి ఊడదీశాను. అవతలి వైపు తిరిగింది.

పలకలు. ఒకదాంట్లో ఒకటి. చుట్టూ వంపు తిరిగిన మూడు గీతలు. మేకుతో గీసినట్టున్నాడు, లోతుగా, తొందర లేకుండా, ఒక్క గీత కూడా పక్కకి పోలేదు. నా బొటనవేలు దాని మీదికి పోయింది, మొదటి గీత నుంచి రెండోదానికి, అక్కణ్ణుంచి వంపుకి, చూడకుండానే పోయింది, పిండి మీద పోయినట్టు. చెట్లు నరికేశాక ఇంకెక్కడ గీసుకుంటాడు? రొట్టె లోపలిదాకా కాలడానికట. ఎంత గుండె దిటవే నీది అమ్మమ్మా. ఆయన పేరు అనకుండా, దొంగముండ అనిపించుకుంటూ, వాళ్ళ వంటింట్లోనే, వాళ్ళు తినే రొట్టె మీదే, రోజూ ఆయన్ని గీసి పెట్టావే.

గంట. అదిగో మోగింది. చెప్పులు వెతుక్కోను.

బిళ్ళని మళ్ళీ మూత గుంటలోని మట్టిలోకే నొక్కాను, గుర్తులు లోపలికి పెట్టి, పైన ఇంత బూడిద, ఇంత ఎర్ర మట్టి మెత్తాను. గుంట పూడ్చాను. గడ్డి పలక సర్ది తొక్కాను. మూత గుంట నా గుండె వైపు తిప్పి రెండు చేతులా పట్టుకుని, మిషన్ భుజాన వేసుకుని నడిచాను. నిజంగానే కుంటుతున్నాను, ఇంతసేపూ అబద్ధానికి పట్టుకున్న మోకాలు ఇప్పుడు నిజంగానే పట్టేసింది. వరండా బల్ల చుట్టూ అందరూ ఉన్నారు, సాసేజీలు రొట్టెలో పెట్టుకుని తింటూ. బల్ల మీద తెల్ల గుడ్డ, గుడ్డ మీద గుండీలు, గ్రేస్ నాణెం, గుర్రపు జీను బకిల్స్. బిళ్ళ లేదు. ఫిలిప్పా మొహం చిన్నబోయి ఉంది. పక్కనుంచి జారుకుని గేటు దారి పట్టి ఉండొచ్చు నేను. బల్ల ముందు నుంచే నడిచాను. ఎందుకో తెలియదు, పక్కనుంచి పోవడం మా వాళ్ళు చాలా ఏళ్ళు చేశారు.

"అదేంటి నోల్, మూతా?" క్లిఫ్ నోటి నిండా రొట్టె. "చెప్పానా ఇనుమని! అటు కుప్పలో పారెయ్."

"నాకు కావాలి."

"తుప్పు పట్టిందే!"

"నాకు కావాలన్నాను."

ఫిలిప్పా చూసింది, తల పక్కకి వంచి, ఆ మెత్తటి నవ్వుతో. "అయ్యో పాపం, పొద్దుట్నించీ ఎండలో కూర్చుని నీకు దొరికింది అదా? మా పాత క్యాంపు కుండది అయ్యుంటుంది. మీ అమ్మ డాంపర్ ఎంత బాగా చేసేదో, పైన ఆ గీతలు పెట్టి, నాకింకా గుర్తు." చెయ్యి చాచి మూత అంచు ముట్టుకుంది, దీవిస్తున్నట్టు. వేళ్ళకి తుప్పు అంటితే తెల్ల గుడ్డకి తుడుచుకుంది. "తీసుకెళ్ళమ్మా, పరవాలేదు. నీదే అనుకో."

అందరూ నా వైపు చూస్తున్నారు. థాంక్యూ మిస్సస్ అనడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు ఎదురు చూశారు. మూత బరువుగా ఉంది, ఇత్తడి మీద మెత్తిన మట్టి చొక్కాలోంచి చల్లగా తగులుతోంది.

"అనుకోవడమేంటి ఫిలిప్పా," అన్నాను. "నాదే."

సాసేజీలు చిటపటమంటున్నాయి. కారు దాకా నడిచి, మూతని పక్క సీట్లో పెట్టి, బెల్టు కూడా పెట్టాను. గేటు దగ్గర దిగి తీశాను. చిన్నప్పుడు ట్రెన్‌హోమ్ వాళ్ళ బండి వస్తుంటే నేనే పరిగెత్తుకొచ్చి ఈ గేటు తీసి, బండి దాటాక దుమ్ములో నిలబడి మళ్ళీ వేసేదాన్ని. దాటాక కారు ఆపలేదు. అద్దంలో చూశాను, వెనక గేటు బార్లా తెరిచే ఉంది.